హస్తవాసి

ఆయన పోయాడని రమణ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను సర్వపిండి తింటున్నాను. తినడం ఆపలేదు.

"గుండెపోటంట. నిద్రలోనే," అన్నాడు రమణ.

"సుఖంగానే పోయాడన్నమాట," అన్నాను.

నా గొంతులో ఏం వినబడిందో గాని రమణ మాట మార్చాడు. "పాత ఆఫీసు వాళ్లం తలా నాలుగు మాటలు రాసి వాళ్లింటికి పంపుదామనుకుంటున్నాం. నువ్వూ రాయి. ఎంతైనా పెద్దాయన," అన్నాడు. రాస్తానన్నాను. ఇదిగో, రాస్తున్నాను. వాళ్లింటికి మాత్రం పంపను. వాళ్లింట్లో వాళ్లు నాకేం అన్యాయం చేయలేదు.

ఆయన పేరు రాయను. నాకు ఆయన మీద కోపం ఉంది, మనిషి పోయినా అది పోలేదు. అందుకని ఉన్నదున్నట్టు రాసుకుని నా దగ్గరే పెట్టుకుంటాను.

అప్పట్లో మా ఆఫీసు గగన్‌పహాడ్‌లో ఒక టైల్స్ గోదాం పైన, మొదటి అంతస్తులో ఉండేది. కింద లారీ వెనక్కి వచ్చినప్పుడల్లా మా బల్లల మీద టీ కప్పులు గలగలమనేవి. శంషాబాద్‌కి ఎయిర్‌పోర్టు వచ్చిన కొత్త రోజులవి. చుట్టుపక్కల చేలల్లో సరుకుల గోదాములు లేస్తున్నాయి. అలాంటి ఒక పెద్ద గోదాముకి మేం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. లారీ వచ్చి నిలబడగానే ఎత్తున కట్టిన బోర్డు మీద తెలుగులో, హిందీలో అక్షరాలు వెలగాలి: ఏ రోడ్డు లారీ, ఏ గేటుకి పోవాలి. డ్రైవర్లు అది చూసుకుని బండి తిప్పుకుంటారు. చెప్పుకోవడానికి చిన్న పనే. బోర్డు ఒక్క పూట వెలగకపోతే మాత్రం లారీలు రోడ్డు దాకా నిలిచిపోయి, హారన్లు మోగి, గోదాం వాళ్లు మా ఓనరుకి ఫోన్ చేసి తిట్టేవాళ్లు.

మేమందరం తలో ముక్క రాస్తాం. ఆ ముక్కలన్నీ ఒకచోట చేర్చి ఒక్క ప్రోగ్రాంగా కట్టాలి. దాన్ని బిల్డ్ అంటాం. గోదాముకి పంపే అసలు బిల్డ్ చేసే అధికారం ఆఫీసు మొత్తానికి ఆయనొక్కడికే ఉండేది.

పొట్టి మనిషి, కడిగిన ముత్యంలా ఉండేవాడు. చొక్కా జేబులో చిన్న ప్లాస్టిక్ డబ్బీ, అందులో లవంగాలు. ఎవరినన్నా మాట అనాలనుకున్నప్పుడు ముందు ఒక లవంగం నోట్లో వేసుకునేవాడు. చప్పుడు చేయకుండా వచ్చి మన కుర్చీ వెనక నిలబడేవాడు. మనకి ముందు లవంగం వాసన తెలిసేది, తర్వాతే మనిషి తెలిసేవాడు. ఇప్పటికీ బిర్యానీలో లవంగం పంటి కింద పడితే నేను ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను.

ఎవరినీ "నువ్వు" అని ఎరగడు. మీరు, అమ్మా, అండీ. అరవడం కూడా ఎప్పుడూ వినలేదు. కానీ ఆ మర్యాదతోనే తోలు వలిచేవాడు. "మీరు" కాస్తా "తమరు" అయిందంటే ఆ మనిషికి ఆ రోజు అన్నం సయించదు. నేను "సార్, ఫైలు ఖరాబైంది" అని పరుగెత్తుకొస్తే, "పాడైంది అనాలమ్మా. ఖరాబు అనకూడదు," అని దిద్దేవాడు. నేను "పాడైంది" అని మళ్లీ చెప్పేదాకా ఫైలు సంగతి వినేవాడు కాదు. నేను పుట్టి పెరిగింది కొత్వాల్‌గూడలో. మా ఇంట్లో పాలు, బండి, ఆరోగ్యం, మనిషి బుద్ధి, ఏదైనా ఖరాబే అవుతుంది. ఆయనది కోస్తా వైపు. దానితో నాకు పేచీ లేదు. రమణదీ అటువైపే, మనిషి బంగారం. మాట ఏ వైపుదైతే ఏముంది, దాన్ని ఎదుటివాడి నెత్తి మీద మొట్టడానికి వాడుకుంటేనే నాకు మండుతుంది.

ఆయన చేసిన మంచి ఒక్కటైనా రాయాలి కదా అని ఆలోచిస్తే ఒకటి గుర్తొచ్చింది. ఒకసారి నాకు దగ్గు తగులుకుంటే డబ్బీ తీసి ఒక లవంగం ఇచ్చాడు. ఇచ్చి, "మీ వైపు వాళ్లకి ఒంటి మీద శ్రద్ధ ఉండదు," అన్నాడు. లవంగం తినలేదు, కిటికీలోంచి పడేశాను.

బిల్డ్ చేసే మెషీన్‌కి ఒక గది. అద్దం తలుపు. చెప్పులు బయట విప్పాలి. నిజానికి విప్పేవాళ్లే లేరు, ఆయన తప్ప ఎవరూ లోపలికి పోకూడదు. శుక్రవారం శుక్రవారం మెషీన్‌కి కుంకుమ బొట్టు. రాహుకాలం పోయాకే బిల్డ్. అవతల గోదాం వాళ్లు నెత్తీనోరూ కొట్టుకున్నా సరే, గోడ గడియారం చూసుకుంటూ కూర్చునేవాడు. ఇవేవీ నాకు తప్పుగా అనిపించలేదు. మా నాన్న కూడా దుక్కి దున్నే ముందు నాగలికి దండం పెట్టేవాడు. ఆయన మాటే నాకు పడేది కాదు. "బిల్డ్ చేయడానికి చదువొక్కటే చాలదండీ, హస్తవాసి ఉండాలి," అనేవాడు, తన కుడి అరచేతిని తానే మెచ్చుకోలుగా చూసుకుంటూ. కొందరి చెయ్యి మంచిది, కొందరిది కాదు, అది పుట్టుకతో వచ్చేది, మనం చేయగలిగింది లేదు. ఇదీ ఆయన సిద్ధాంతం. కొత్తగా చేరిన వాళ్ల చేతుల వంక ఒకలా చూసేవాడు.

ఇక స్వరూప గురించి చెప్పాలి. కొత్తూరు అవతల ఒక పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్లింట్లో కుర్చీలో కూర్చుని పని చేసిన మొదటి మనిషి ఆమె. తెలుగు చక్కగా రాస్తుందని బోర్డు మీద వచ్చే మాటల ఫైలు ఆమెకి అప్పగించారు. అది ఆమెకి ఎంత గొప్పో చెప్పలేను. మొదటిసారి బోర్డు వెలిగిన రోజు వాళ్ల నాన్నని తీసుకెళ్లి గోదాం గేటు బయట నిలబెట్టి చూపించింది. "గా అచ్చరాలన్నీ నేను రాసినయే బాపూ" అంటే, ఆ తండ్రి లారీలన్నీ తిరిగిపోయేదాకా కదల్లేదట. నన్ను "అక్కా" అనేది. డబ్బాలో గట్టి పెరుగు తెచ్చేది. పెరుగు గట్టిగా పేరుకోవాలంటే తోడు స్వరూపే వేయాలని వాళ్లమ్మ అంటుందట. ఆ మాట చెబుతూ నవ్వేది.

గోదాం వాళ్లు శ్రీశైలం రోడ్డు వైపు లారీలకి కొత్త గేటు పెట్టారు. స్వరూప తన ఫైలులో ఒక వరుస కలిపింది: "శ్రీశైలం రోడ్డు లారీలు వెనక గేటుకు పోవలెను." మా బల్లల దగ్గర పరీక్షించాం, బాగుంది. ఆయన అసలు బిల్డ్ చేసి పంపాడు. గోదాంలో బోర్డు వెలిగితే అక్షరాలకు బదులు అన్నీ ఖాళీ డబ్బాలు. మాటల ఫైలు పాడైందని ప్రోగ్రాం దాన్ని చదవనే లేదు.

రమణ బండేసుకుని పోయి, స్వరూప మెషీన్‌లో ఉన్న ఫైలు అక్కడ పెట్టి వచ్చాడు. బోర్డు చక్కగా వెలిగింది. కారణం మాత్రం ఎవరికీ తెలియలేదు. తర్వాతి బిల్డ్‌కి మళ్లీ అదే. ఆ తర్వాత కూడా అదే. మా దగ్గర బాగుంటుంది, గోదాముకి పోయేసరికి పాడవుతుంది. మిగతా ఫైళ్లన్నీ క్షేమం, స్వరూప ఫైలొక్కటే పోతుంది. పాడైన ఫైలునీ బాగున్న ఫైలునీ పక్కపక్కన పెట్టి సరిపోల్చే ప్రోగ్రాంలో చూస్తే, రెండూ ఒకటే అని చెప్పేది. ఒక్క అక్షరం తేడా లేదు.

లవంగం వాసన రోజూ స్వరూప కుర్చీ వెనకే ఉండేది.

"ఇందరు రాసిన ఫైళ్లు నా చేతిలోంచే వెళ్తున్నాయి కదమ్మా. తమరిదొక్కటే ఎందుకు పాడవుతోంది?"

"నాకు తెల్వదు సార్. నేను పంపేటప్పుడు మంచిగనే ఉంటుంది సార్."

"మంచిగానే ఉంటుంది. కాదనలేదు. నేనేమీ తమరు తప్పు చేశారనడం లేదు. కొందరి హస్తవాసి అంతే. ఏం ముట్టుకుంటే అది నిలవదు."

ఆ మాట మొదటిసారి అన్నప్పుడు స్వరూప తన చేతులు ఒళ్లో పెట్టుకుని వాటి వంక చూసుకుంది. నేను కల్పించుకుని, "సార్, ఫైలుకి చెయ్యేంది సార్?" అన్నాను. "ఏమిటి అనాలమ్మా," అన్నాడు నావైపు తిరక్కుండానే.

ఆ నెల ముగియకముందే ఓనరు స్వరూపని పిలిచి రేపటి నుంచి రావొద్దన్నాడు. గోదాం వాళ్లకి ఎవరినో ఒకరిని తీసేశామని చెప్పుకోవాలి మరి. ఆమె తన స్టీలు డబ్బా, గొడుగు తీసుకుని అందరికీ చెప్పి వెళ్లింది. ఆయన గది అద్దం తలుపు దగ్గర కూడా నిలబడి, "పోయొస్త సార్" అంది. ఆయన లోపలి నుంచి చెయ్యి ఊపాడు.

మాటల ఫైలు నాకిచ్చారు. తర్వాతి బిల్డ్‌కి బోర్డు నిండా మళ్లీ డబ్బాలే. ఈసారి లవంగం వాసన నా వెనక.

"మీ చెయ్యి కూడానా అమ్మా?" అన్నాడు.

నాకు భయం వేయలేదు, ఒళ్లు మండింది. స్వరూప పోయింది, ఫైలు ఇంకా పాడవుతూనే ఉంది. అంటే ఆ పిల్ల చేసిందేమీ లేదని తేలినట్టే కదా? ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. నేను దీని అంతు చూడదలచుకున్నాను. అంతు తేలితే స్వరూప మళ్లీ వచ్చి నా పక్కన కూర్చుంటుందని నా ఆశ.

అక్షరాలు ఒకటే అయితే మరి ప్రోగ్రాం ఎందుకు చదవనంటోంది? ఇన్నాళ్లూ మేం ఫైలు మొహం చూశాం గాని బరువు చూడలేదు. చూస్తే పాడైన ఫైలు కొంచెం ఎక్కువ తూగింది. అక్షరాల కింద ఉండే అంకెలను చూపించే ప్రోగ్రాంలో తెరిచాను. ఫైలు తలమీద, మొదటి అక్షరానికి ముందు, కంటికి కనబడని గుర్తు ఒకటి కూర్చుని ఉంది. మామూలు నోట్‌ప్యాడ్‌లో తెలుగు ఫైలు తెరిచి సేవ్ చేస్తే అప్పట్లో అది పెట్టే గుర్తు అది. ఇది తెలుగు ఫైలు అని తనకు తాను రాసుకునే ఆనవాలు. ఫైలు తెరిచి చూస్తే మనకేమీ కనబడదు. మా ప్రోగ్రాంకి మాత్రం ఆ గుర్తు అడ్డం పడేది. మొదటి అక్షరమే తెలియనిది వచ్చేసరికి ఫైలు మొత్తం పాడైందనేది.

కానీ మాలో నోట్‌ప్యాడ్ ఎవరూ వాడరు. మా రాతకి వేరే ప్రోగ్రాం ఉంది, అది ఆ గుర్తు పెట్టదు. ఆయన గదిలో ఎవరన్నా ఫైలు తెరుస్తున్నారా అంటే, ఆ గదిలో ఆయనే. ఆయన ఫైలు తెరవాల్సిన పనేముంది? బటన్ నొక్కితే బిల్డ్ అవుతుంది. ఇంకొకటి కూడా నాకు కొరుకుడు పడలేదు. శ్రీశైలం వరుస కలిపిన రోజు నుంచే ఇదంతా మొదలైంది. శ్రీశైలం లారీలకీ దీనికీ ఏం సంబంధం?

తర్వాతి బిల్డ్ రోజున మధ్యాహ్నం, నీళ్ల డబ్బా పక్కన గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. నీళ్ల డబ్బా ఆయన అద్దం తలుపు పక్కనే ఉండేది. ఆయనకి చూపు ఆనదు. కళ్లజోడు పెట్టుకుంటే ముసలివాడినని తెలుస్తుందని పెట్టుకునేవాడు కాదు. అందుకని స్క్రీన్ మీద అక్షరాలు అరచేతంత చేసుకునేవాడు. నాకు బయటి నుంచే అన్నీ కనబడ్డాయి.

గడియారం చూసుకున్నాడు. రాహుకాలం పోయింది. స్వరూప ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచాడు. కిందికి, కిందికి పోయి "శ్రీశైలం" దగ్గర ఆగాడు. అందులో "శ్రీ" ఒక్కటే పట్టుకుని కాపీ చేశాడు. ఆయనకి తెలుగు టైపు చేయడం రాదు. మళ్లీ పైకి వచ్చి, అన్నిటికంటే ముందు, ఖాళీ చోట దాన్ని పెట్టాడు. శ్రీ. సేవ్ చేశాడు. రెండు చేతులూ జోడించి స్క్రీన్‌కి దండం పెట్టి, వేళ్లు కళ్లకి అద్దుకున్నాడు. తర్వాత జాగ్రత్తగా ఆ శ్రీని చెరిపేశాడు. మళ్లీ సేవ్ చేశాడు. అప్పుడు బిల్డ్ మొదలుపెట్టాడు.

ఉత్తరం రాసినా, పద్దు రాసినా, పరీక్ష రాసినా మనం తల మీద శ్రీ పెడతాం. ఆయన బిల్డ్‌కి పెట్టాడు. అంతకుముందు ఆ మెషీన్‌లో శ్రీ ఎక్కడా లేదు కాబట్టి మనసులో అనుకుని ఊరుకునేవాడేమో. స్వరూప రాసిన శ్రీశైలం వచ్చాక, అందులోంచి తీసుకుని పెట్టడం మొదలుపెట్టాడు. పెట్టి, చెరిపేశాను కదా అనుకున్నాడు. నోట్‌ప్యాడ్ పెట్టిన గుర్తు మాత్రం చెరగలేదు.

ఇంకొకరి కథ అయితే నవ్వేదాన్ని. ఒళ్లో చేతులు పెట్టుకుని చూసుకున్న పిల్ల గుర్తొచ్చి నవ్వు రాలేదు.

ఆ సాయంత్రమే ఓనరు గదికి ఆయన్నీ పిలిపించి, ఇద్దరి ముందూ చేసి చూపించాను. బాగున్న ఫైలు పెడితే స్క్రీన్ మీది నమూనా బోర్డు వెలిగింది. అదే ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి, శ్రీ పెట్టి, చెరిపి, సేవ్ చేసి పెడితే డబ్బాలు. రెండోసారి కూడా చేశాను. ఓనరు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. ఓనరుది మా శంషాబాదే, గొడవలంటే పడదు.

"సరే, సరే. ఇగ ఆ నోట్‌ప్యాడ్ ముట్టకుండ్రి సార్ మీరు. అయిపోయింది," అన్నాడు.

ఆయన డబ్బీ తీసి లవంగం నోట్లో వేసుకున్నాడు. "శ్రీకారం వల్ల ఫైలు పాడైందంటారా అమ్మా? ఎంత మాట!"

"శ్రీ వల్ల కాదు సార్. నోట్‌ప్యాడ్ వల్ల."

"నేను చెరిపేశాను కదండీ. చెరిపేసిన దానికి దోషం ఏముంటుంది?"

మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. ఆయనకి అర్థమైంది, ఆ సంగతి నాకు తెలుసు, కళ్లలో తెలిసింది. చివరికి నేను, "సార్, స్వరూప తప్పు లేదని తేలింది కదా. పిలిపించుండ్రి," అన్నాను ఓనరుతో.

"ఆ పని నువ్వు చేస్తనే ఉన్నవ్ గదమ్మా. ఇంకో మనిషెందుకు?" అన్నాడు ఓనరు, బల్ల మీద పేపర్‌వెయిట్ తిప్పుతూ.

"కనీసం ఆమె తప్పు కాదని ఒక్కమాట చెప్పుండ్రి సార్," అన్నాను ఆయనతో.

"తప్పు చేసిందని నేనెప్పుడన్నానమ్మా? హస్తవాసి మంచిది కాదన్నాను. ఫైలు ఎలా పాడైందో తమరు కనిపెట్టారు, సంతోషం. ఇన్ని ఫైళ్లుండగా ఆ అమ్మాయి ఫైలే ఎందుకు పాడైందో కూడా చెప్పండి."

"మీకు కావాల్సిన శ్రీ అందులోనే ఉంది కాబట్టి!"

"అదే నేనూ అంటున్నాను," అన్నాడు చిరునవ్వుతో. "అన్నిట్లోనూ ఉండకుండా దాంట్లోనే ఎందుకుంది?"

అలాంటి మనిషికి ఏం చెప్పి ఒప్పిస్తాం? బుర్ర లేనివాడైతే క్షమించేదాన్ని. ఆయనకి బుర్ర ఉంది. ఉన్నదంతా ఒక ఆడపిల్ల చెయ్యి మంచిది కాదని నిలబెట్టడానికి ఖర్చుపెట్టాడు.

స్వరూపకి ఆ రోజే ఫోన్ చేసి అంతా చెప్పాను. "నీ చెయ్యి కాదే, ఆయన చెయ్యే," అన్నాను. విని, "మంచిదక్కా" అని మాత్రం అంది.

కొన్నాళ్లకి ఒక పొద్దున వాళ్ల నాన్నతో వచ్చింది. మెట్ల కిందే నిలబడ్డారు. వాళ్ల నాన్న తలకి తువ్వాలు చుట్టుకున్న బక్కపలచని మనిషి, మాట నెమ్మది. బిల్డ్ గదిలో ఉన్న ఆయన్ని కిందికి పిలిపించాను. నవ్వుతూనే వచ్చాడు.

"సారూ, నేను లొల్లికి రాలే," అన్నాడు వాళ్ల నాన్న. "నౌకరీ గూడ అడుగుత లేను. పిల్ల ఇంట్ల పాలు తోడెయ్యమంటే ఎయ్యదు. నారు ముట్టదు. నా చెయ్యి మంచిది గాదు బాపూ అంటది. మేమెంత జెప్పినా ఇంటలేదు. అన్నది మీరు. మీ నోటితోనే గా మాట దీయుండ్రి. ఇగ మేం పోతం."

"నేనేదో మాటవరసకి అన్నాను పెద్దాయనా. ఇవి మెషీన్ల విషయాలు, మీకు తెలియవు. టీ తాగి వెళ్లండి."

స్వరూప ముందుకొచ్చింది. "అక్క జెప్పింది సార్ నాకు. నాకు ఎరుకనే. కానీ మీరు అనాలె. నా మొకం జూసి, నీ చేతి గుణం గాదు అని ఒక్కసారి అనుండ్రి."

ఆయన నోరు తెరిచాడు. అంటాడేమో అనుకున్నాను, నిజంగా అనుకున్నాను. అంతలో చేతి గడియారం చూసుకున్నాడు.

"రాహుకాలం వచ్చేసిందమ్మా. ఇప్పుడు మంచి మాటైనా అనకూడదు. పోయాక చెబుతాను."

వాళ్లు నమ్మారు. వాళ్లింట్లోనూ రాహుకాలం చూస్తారు, అందులో తప్పు పట్టడానికి ఏమీ కనబడలేదు వాళ్లకి. టైల్స్ లారీ నీడలో తండ్రీ కూతురూ గోడకానుకుని కూర్చున్నారు. నేను పైకి వచ్చి పనిలో పడ్డాను. రాహుకాలం పోయింది. అద్దం తలుపు దగ్గరికి పోయి చూస్తే గది ఖాళీ. వెనక వైపు, టైల్స్ దించే చోట ఉన్న మెట్ల మీదుగా దిగి వెళ్లిపోయాడట. ఆ మెట్లు మా ఆఫీసు వాళ్లెవరూ వాడరు, పగిలిన టైల్స్ పెంకులుంటాయి. ఆయన అంత శుభ్రమైన మనిషి, దుమ్ములోంచి చెప్పులు చేత పట్టుకుని పోయాడని కింద హమాలీలు నవ్వుకున్నారు.

కిందికి దిగి ఆ సంగతి వాళ్లకి చెప్పడం కంటే కష్టమైన పని నేను ఆ ఆఫీసులో చేయలేదు. వాళ్ల నాన్న తువ్వాలు విప్పి దులుపుకుని లేచాడు. "ఇంకోసారొస్తం తియ్," అన్నాడు కూతురితో. ఇంకోసారి వచ్చారు. ఆ రోజు ఆయన సెలవు.

ఆ తర్వాత బోర్డు ఎప్పుడూ పాడవలేదు. ఎందుకో నేను ఆఫీసు మానేసే రోజున తెలిసింది. ఏదో సంతకానికి మొదటిసారి ఆ గదిలోకి పిలిచాడు. చెప్పులు విప్పి పోయాను. మెషీన్ నుదుటి మీద, తెల్ల కాగితం ముక్క, నాలుగు మూలలా పసుపు, మధ్యలో సొంత చేతిరాతతో పెద్ద శ్రీ. ఫైలులో పెట్టడం మానేసి కాగితం మీద పెట్టుకున్నాడు. అంటే నేను చూపించింది అక్షరం అక్షరం నమ్మాడు. తన చెయ్యే పాడు చేసిందని తెలుసు. తెలిసి తన పద్ధతి మార్చుకున్నాడు, మాట మాత్రం మార్చుకోలేదు.

"కాగితం మీదికి మార్చిన్రేంది సార్?" అన్నాను. కావాలనే 'ఏంది' అన్నాను.

దిద్దలేదు. "అక్కడ చోటు చాలట్లేదమ్మా," అని లవంగాల డబ్బీ వెతుక్కున్నాడు.

శంషాబాద్‌లో ఇంకో చోట స్వరూపకి ఉద్యోగం దాదాపు ఖాయమైందని అప్పటికి విన్నాను. వాళ్లు పాత ఆఫీసుకి ఫోన్ చేసి అడిగారట. ఫోన్ ఎత్తింది ఆయనే. "అమ్మాయి చాలా మంచిదండీ, చేతిలో ఫైళ్లే నిలవవు," అన్నాడట. అది కూడా ఎంత మర్యాదగా అని ఉంటాడో నాకు తెలుసు. ఆ తర్వాత ఆమె ఎక్కడా అడగలేదు. కంప్యూటర్ ముందు కూర్చోవడమే మానేసింది. పెళ్లయి ఇప్పుడు కొత్తూరులోనే ఉంటోంది.

రమణ ఫోన్ పెట్టేశాక చెయ్యి కడుక్కుని స్వరూపకి చేశాను. ఈ కబురు ఆమెకి చెప్పాలని ఎందుకో అనిపించింది. చెబితే కొంచెం తేలికపడుతుందనుకున్నాను, ఆమె కాకపోతే నేనైనా.

"ఆ సారు పోయిండు స్వరూపా," అన్నాను.

అవతల చంటిపిల్లాడు ఏదో గిన్నె కొడుతున్న చప్పుడు వినబడుతోంది. ఎవరో ఆడమనిషి, అత్తగారేమో, "తోడేసినవా?" అని అడగడం, ఈమె ఫోన్ పక్కకి పెట్టి "నువ్వే ఎయ్యత్తమ్మా" అనడం కూడా వినబడింది.

"పోయేముందు ఎవలతోనన్న అన్నడా అక్కా? నా చెయ్యి కాదని?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. అన్నాడట అని ఒక్క మాట అంటే సరిపోయేదేమో. కానీ ఆ పెద్దమనిషి చేయని మంచిని నేనెందుకు ఆయన ఖాతాలో వేయాలి? నోరు రాలేదు.

"ఎవలతోని అనలే," అన్నాను.

"అయ్యో," అంది స్వరూప. నాకు రాని అయ్యో ఆమెకి వచ్చింది. "మరిగ ఎవరు దీస్తరక్కా గా మాట?"